అడుసు త్రొక్కనేల?

“అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల” యను సామెత మన యిండ్లలో పెద్దలు పిల్లలకు చెప్పు తొలి హితవులలో నొకటి. అపకీర్తి తెచ్చు వ్యవహారములకు దూరముగ నుండుమని దీని భావము. అడుసును, బురదను, రొంపిని మనము మంచి యర్థమున వాడుట యరుదు. పరువుగలవానిపై నింద మోపినచో బురద చల్లినారందుము. అప్పులలో చిక్కినవానిని రొంపిలో దిగబడినాడందుము. పద్మమును పంకజమని కొనియాడిన కవులు సైతము మర్యాద చేసినది తామరకే గాని పంకమునకు గాదు.

కాలువలు పారు సీమలలో నీ వాడుక చెల్లునేమో! ఏటి సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండు అనంతపురపు మెట్టసీమలో అడుసు కంటబడుటయే భాగ్యము. మన్నును నీటితో నానబెట్టి కాళ్లతో త్రొక్కి మెదిపినగాని ఇచ్చటి పాతయిండ్లకు గోడ లేచినది కాదు. వరిమడియు నంతే, అడుసు దున్ననిదే నాటు పడదు.

అన్నిటికంటె విలువైనది చెఱువులోని యడుసు. అనంతపురమునకు పేరు వచ్చినదే చెఱువువలన. బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు 1364లో దానిని కట్టించెననియు, దాని యిరుప్రక్కల బుక్కరాయసముద్రము, అనంతసాగరము వెలసెననియు చెప్పుదురు. కడపసీమలోని పోరుమామిళ్ల చెఱువు శాసనము 1369 నాటిది. వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండేండ్ల పాటు పని యని అందు లెక్క యున్నది. చెఱువునకు గల యాఱు దోషములను గూడ నది యేకరువు పెట్టినది. కట్టుట యొకనాటి పని. వంకలు ఏటేట తెచ్చి నింపు ఒండ్రును తీయుటయో తరతరముల పని. ఊరివారు కలసి చేసికొను నీ కుడిమరామత్తును మద్రాసు ప్రభుత్వము 1858లో చట్టముచే నిర్బంధము గావించినది. బలవంతపు పనిగా మాఱినదానిపై ప్రజలకు మమకార మెట్లు నిలుచును?

ఇచ్చటి యెఱ్ఱనేలలు తేమను పట్టవు. చెఱువు ఒండ్రులోని జిగట పట్టును. అది తోలిన చేనిలో వేరుసెనగ వానకు వానకు నడుమ మఱికొన్ని దినములు వాడక నిలుచును. తెలంగాణమున 2015లో మొదలైన మిషన్ కాకతీయలో రైతులు పూడికను తమ బండ్లపై తమ చేలకే తోలుకొనిరి. అయితే ఒండ్రుపొర దాటి త్రవ్వినచో నీరు అడుగున నింకిపోవును. కట్టమొదట త్రవ్వినచో కట్టకే చేటు. కావున ఎచ్చట, ఎంతలోతు తీయవలెనో చూచు పెద్దలు ఊరికి కావలెను.

ఆ పెద్దలేరీ? 1997 చట్టము నీటి వినియోగదారుల సంఘముల కవకాశ మిచ్చినది. అందు చేరుమన్నచో చదువుకొన్న భూస్వామి “అడుసు త్రొక్కనేల” యని తప్పుకొనును. వంక కడ్డముగ నిల్లు కట్టినవాడెవ్వడో ఊరంతయు నెఱుగును. నోరు విప్పినచో తమపై బురద చల్లుదురని పట్టణవాసుల వెఱపు. తమ వస్త్రములు తెల్లగనే యున్నవి గాని, చెఱువు మాత్రము పూడిపోవుచున్నది. కాలు కడుగుకొనుటకైన నీరెచ్చటినుండి తెత్తురో వారినే యడుగవలెను.

ఫాల్గునము దాటగనే చెఱువునేలలు నెఱ్ఱెలు విచ్చును. జ్యేష్ఠపు తొలివాన పడినచో బండ్లు లోనికి దిగవు. ఒండ్రు తోలుటకు నడుమనున్న గడువు రెండు మాసములే.