ముద్ద ముట్టని కుక్క: వేళకు తినే అలవాటు ఇంటివారి నుండే మొదలు

ఉత్తర తెలంగాణలో కుక్కను పోషించడం కేవలం సరదాకు సంబంధించిన విషయం కాదు. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని మక్కచేలలోను, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో అడవిని ఆనుకొని ఉన్న జొన్న, కంది చేలలోను రాత్రి కావలికి మంచె దగ్గర రైతుకు తోడుగా ఉండేది కుక్కే. గొల్ల, కురుమల గొర్రెల మందలకు అదే కాపలా. పెరటి మీదికి వచ్చే కోతుల గుంపును తరిమేదీ అదే. ఇటువంటి జంతువు వేళకు తినకపోతే నీరసించి కావలికి పనికిరాకుండా పోతుంది, లేదా తిండి వెదుక్కుంటూ ఊరి మీద పడుతుంది. కనుక పంట గురించి మాట్లాడడానికి వెళ్ళిన విస్తరణ శాస్త్రవేత్తను "మా కుక్క అన్నం ముడుతలేదు సార్, కోడికూర ఉంటెనే తింటది" అని రైతు కుటుంబాలు అడగడంలో ఆశ్చర్యం లేదు. ఈ ప్రశ్నకు శాస్త్రీయంగా ఏమి సమాధానం చెప్పవచ్చునో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

ఆకలి లేదా, ఆకలి తీరిందా?

భూసార పరీక్ష చేయకుండా ఎరువు మోతాదు చెప్పడం ఎంత పొరపాటో, కుక్క రోజంతా ఏమి తిన్నదో తెలుసుకోకుండా దానికి ఆకలి లేదని నిర్ణయించడం కూడా అంతే పొరపాటు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు విశ్రాంతి దశలో కావలసిన శక్తిని లెక్కించడానికి పశుపోషణ శాస్త్రంలో ఒక సూత్రం ఉన్నది. శరీర బరువును (కిలోలలో) 0.75 ఘాతానికి పెంచి, దానిని 70తో గుణించాలి. సాధారణంగా ఇంటిపట్టున ఉండే పెద్ద కుక్కకు ఈ విలువకు దాదాపు 1.6 రెట్లు సరిపోతుంది. 15 కిలోల ఊరకుక్కకు ఈ లెక్కన విశ్రాంతి అవసరం సుమారు 530 కిలో కేలరీలు, రోజుకు మొత్తం అవసరం సుమారు 850 కిలో కేలరీలు.

ఇప్పుడు ఇంటివారి చేతులను లెక్కపెట్టాలి. ఉదయం చాయ్ తాగుతూ తాత వేసిన 100 గ్రాముల గ్లూకోజ్ బిస్కెట్ల విలువ సుమారు 450 కిలో కేలరీలు. కోడలు పోసిన గ్లాసెడు బర్రె పాలు సుమారు 200. మధ్యాహ్నం పిల్లలు తినలేక వేసిన ఒక జొన్నరొట్టె మరో 200. మొత్తం 850. సాయంత్రం గిన్నెలో అన్నం పెట్టక ముందే ఆ కుక్క రోజు ఆహారం పూర్తయింది. వేసినవారు ముగ్గురు కనుక ఎవరికి వారు "కొంచెమే వేశాము" అనుకుంటారు. అన్నం పెట్టే మనిషికి మాత్రం ముట్టని గిన్నె కనిపిస్తుంది. తిండి పట్ల పేచీ అని మనం పిలిచే ప్రవర్తనలో అధిక భాగం ఈ లెక్క తెలియకపోవడం వల్ల పుట్టినదే.

నిరాకరణను నేర్పుతున్నది మనమే

రెండవ కారణం అభ్యసనానికి సంబంధించినది. కుక్క అన్నాన్ని వాసన చూసి పక్కకు జరుగుతుంది. ఇంటివారు జాలిపడి దానిలో కోడికూర కలుపుతారు. మరుసటి రోజు అది మరికొంత సేపు ఆగుతుంది, ఈసారి గుడ్డు వస్తుంది. నిరాకరించిన ప్రతిసారీ అంతకన్నా రుచికరమైన పదార్థం లభిస్తున్నప్పుడు నిరాకరణ బలపడడం సహజం. ఇక్కడ కుక్క మొండితనం కన్నా దాని గ్రహణశక్తే ఎక్కువగా కనిపిస్తుంది.

ఇదే గ్రహణశక్తిని మంచి అలవాటుకు కూడా వాడుకోవచ్చు. జీర్ణక్రియపై పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమతి పొందిన రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్‌లోవ్, ఆహారాన్ని సూచించే సంకేతానికే కుక్కలలో లాలాజలం ఊరుతుందని నిరూపించారు. ప్రతిదినం అదే వేళకు, అదే చోట, అదే గిన్నె చప్పుడు వినిపిస్తే ఆహారం రాకముందే శరీరం సిద్ధమవుతుంది. వేళ లేని చోట ఆ సిద్ధత ఏర్పడదు.

కుక్క మాంసాహారి కనుక అన్నం, గట్క వంటివి దానికి పడవన్న అభిప్రాయం కూడా సరికాదు. పిండిపదార్థాన్ని జీర్ణం చేసే అమైలేజ్ జన్యువు ప్రతులు తోడేళ్ళ కన్నా పెంపుడు కుక్కలలో ఎక్కువగా ఉన్నాయని 2013లో నేచర్ పత్రికలో వెలువడిన పరిశోధన తెలిపింది. బాగా ఉడికిన అన్నాన్ని, జొన్న గట్కను, మక్క గట్కను కుక్క జీర్ణించుకోగలదు. అయితే వీటిలో మాంసకృత్తులు తక్కువ. పెద్ద కుక్క ఆహారపు పొడి పదార్థంలో కనీసం 18 శాతం మాంసకృత్తులు ఉండాలన్నది పశు ఆహార ప్రమాణం. ఉత్త పెరుగన్నంతో అది నెరవేరదు.

ముందుగా వ్యాధి లేదని నిర్ధారించుకోవాలి

అలవాటు దిద్దే ప్రయత్నానికి ముందు కుక్క ఆరోగ్యాన్ని పరిశీలించాలి. ఎప్పుడూ బాగా తినే కుక్క ఒక్కసారిగా మానివేస్తే దానిని పేచీగా భావించరాదు. మన ప్రాంతంలో గమనించవలసిన ముఖ్య కారణాలు ఇవి.

• పిడుదుల (గోమార్ల) ద్వారా సోకే జ్వరాలు: జ్వరం, చిగుళ్ళు పాలిపోవడం, కొన్నిసార్లు ముక్కు నుండి రక్తం కారడం.
• పొట్టలో నులిపురుగులు, కొంకి పురుగులు: బరువు తగ్గడం, రక్తహీనత.
• పళ్ళు, చిగుళ్ళ నొప్పి, గొంతులో ఎముక ఇరుక్కోవడం.
• కుక్కపిల్లలలో పార్వో వైరస్: వాంతులు, రక్తంతో కూడిన విరేచనాలు.
• విషప్రభావం: పత్తి చేలలో పిచికారి చేసిన పురుగుమందులు, వరి పొలాలలో పెట్టిన ఎలుకల మందు ఎరలు. చొంగ కారడం, వణుకు, తూలడం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయరాదు.
• రేబీస్: ప్రవర్తనలో ఆకస్మిక మార్పు, మింగలేకపోవడం. ఇటువంటి కుక్క నోటిలో చేయి పెట్టి చూడకూడదు.

పెద్ద కుక్క 24 గంటలకు మించి ఏమీ తినకుండా నీరసంగా ఉన్నా, కుక్కపిల్ల 12 గంటలు తినకపోయినా పశువైద్యుని సంప్రదించాలి. పురుగుమందుల డబ్బాలను, ఎలుకల ఎరలను కుక్కకు అందకుండా ఉంచమని చెప్పడం వ్యవసాయ శాస్త్రవేత్తగా మన స్వంత బాధ్యత.

రోజు ఆహారం, వేళల క్రమం

15 కిలోల పెద్ద కుక్కకు 850 కిలో కేలరీల ఆహారాన్ని ఇంటి దినుసులతో ఈ విధంగా కూర్చవచ్చు: బియ్యం లేదా జొన్న రవ్వ 130 గ్రాములు, కందిపప్పు 40 గ్రాములు (రెండూ వండక ముందు తూకం), ఉడికిన గుడ్లు 3, నూనె ఒక చిన్న చెంచా. దీనిలో మాంసకృత్తులు పైన చెప్పిన ప్రమాణానికి సరిపోతాయి, కాని సున్నం (కాల్షియం) చాలదు. దానిని ఎంత మోతాదులో చేర్చాలో పశువైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలకు హాని చేస్తాయి కనుక తాలింపు వేసిన కూరలు, పులుసులు కలపరాదు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉడికిన కోడి ఎముకలు పెట్టరాదు.

ఈ ఆహారాన్ని రెండు సమభాగాలు చేసి కింది క్రమాన్ని పాటించాలి.

1. అన్నం పెట్టే బాధ్యత ఇంటిలో ఒక్కరికే అప్పగించాలి. మిగిలినవారు ఏమీ వేయరాదు.
2. ఉదయం, సాయంత్రం నిర్ణీత వేళలకు, ఒకే చోట, ఒకే గిన్నెలో పెట్టాలి.
3. 20 నిమిషాల తరువాత గిన్నె తీసివేయాలి. బతిమాలడం, చేతితో తినిపించడం, కూర కలపడం చేయరాదు.
4. తరువాతి పూట తాజా ఆహారాన్ని మామూలు మోతాదులోనే పెట్టాలి. వదిలిన పూటకు బదులుగా ఎక్కువ పెట్టరాదు.
5. మంచినీరు ఎల్లవేళలా అందుబాటులో ఉండాలి.
6. ఆహారం మార్చదలిస్తే పాతదానిలో కొత్తదానిని మొదట పావు వంతు, తరువాత సగం, ఆపై ముప్పావు వంతు కలుపుతూ వారం రోజులలో పూర్తిగా మార్చాలి.

ఆరోగ్యవంతమైన పెద్ద కుక్క మొదట్లో ఒకటి రెండు పూటలు మానినా ప్రమాదం లేదు. ఇంటివారు పట్టు తప్పేది ఈ దశలోనే. కుక్కపిల్లలకు, చూడి, పాలిచ్చే కుక్కలకు, ముసలి, జబ్బు కుక్కలకు ఈ పద్ధతి వర్తించదు. వాటికి కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టాలి.

ఫలితాన్ని కంటితో కాక తూకంతో చూడాలి. కుక్కను ఎత్తుకొని కాటాపై నిలబడి, మనిషి బరువు తీసివేస్తే సరిపోతుంది. పదిహేను రోజులకొకసారి ఈ బరువు రాసిపెట్టాలి. పక్కటెముకలు కంటికి కొట్టొచ్చినట్లు కనబడకుండా, చేతితో తడిమితే మాత్రం సులభంగా తెలియడం సరైన శరీర స్థితికి గుర్తు.

వేసవి, రాత్రి కావలి

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలలో మే నెలలో ఉష్ణోగ్రత కొన్నిచోట్ల 45 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఎండలో కుక్క తక్కువ తినడం సహజం, అది పేచీ కాదు. ఆ నెలలలో పొద్దు పొడిచే వేళకు ఒక పూట, పొద్దు గూకిన తరువాత ఒక పూట పెట్టాలి. వండిన అన్నం వేడికి త్వరగా పాడవుతుంది కనుక మిగిలినదానిని రోజంతా గిన్నెలో ఉంచరాదు. చేను కావలికి పోయే కుక్కకు బయలుదేరడానికి కనీసం గంట ముందు ఆహారం పెట్టాలి. శ్రమ ఎక్కువైతే బరువును బట్టి మోతాదు పెంచాలి.

ఇంటి గిన్నెకు, అడవికి ఉన్న సంబంధం

రోజంతా వాకిట్లో మిగిలే తిండి వీధికుక్కలను రప్పిస్తుంది. కొట్లాటలు, కాట్లు, వాటితో రేబీస్ ప్రమాదం పెరుగుతాయి. వేళకు కడుపు నిండని కుక్క మరోవైపు అడవి దారి పడుతుంది. ఉమ్మడి ఆదిలాబాద్‌లోని కవ్వాల్ అభయారణ్యాన్ని 2012లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. దాని అంచు గ్రామాలలో తిరిగే కుక్కలు దుప్పి పిల్లలను వేటాడగలవు, వ్యాధులను కూడా మోయగలవు. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో సింహాలను బలిగొన్న కనైన్ డిస్టెంపర్ వైరస్ కుక్కలలో సాధారణంగా కనిపించేదే. కనుక టీకాలు వేయించి, వేళకు అన్నం పెట్టి, కుక్కను ఇంటిపట్టున ఉంచడం అడవికి కూడా మేలు.

విస్తరణ కార్యకర్తలు చేయదగినది

మానవ పోషణ సర్వేలలో వాడే 24 గంటల ఆహార జ్ఞాపక పద్ధతి ఇక్కడ చక్కగా ఉపయోగపడుతుంది. ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, నిన్న పొద్దున లేచినప్పటి నుండి రాత్రి వరకు ఎవరెవరు కుక్కకు ఏమేమి వేశారో ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగి, అందరి ముందు కూడి చూపాలి. సలహా చెప్పక ముందే ఆ మొత్తం వారికి విషయం తెలియజేస్తుంది. గ్రామీణ వ్యవసాయ కార్యానుభవ కార్యక్రమంలో పల్లెలలో ఉండే విద్యార్థులకు ఇది తేలికైన, ఖర్చు లేని అభ్యాసం. పొలాసలోని వ్యవసాయ కళాశాల, కోరుట్లలోని పశువైద్య కళాశాల ఒకే జగిత్యాల జిల్లాలో ఉన్నాయి. రెండింటి విద్యార్థులు కలిసి ఒక గ్రామంలో పది ఇళ్ళ కుక్కలను ఎంచుకొని, నెల రోజుల పాటు బరువు, తిన్న పూటలు నమోదు చేయగలిగితే మన ప్రాంతానికి చెందిన గణాంకాలు లభిస్తాయి. ఆ నమోదు పుస్తకంలో కుక్క పేరుతో పాటు దానికి అన్నం పెట్టే ఒక్కరి పేరు కూడా రాయించడం మరువరాదు.