సముద్రం విడిచిపెట్టిన సిపాయి

యుద్ధంలో మరణించిన సైనికుని పేరు ఏదో ఒక శిలాఫలకం మీద నిలిచిపోతుంది. మృత్యుముఖం నుండి తప్పించుకొని ఇల్లు చేరిన సైనికుని పేరు మాత్రం తరచుగా కుటుంబపు జ్ఞాపకంలోనే ఉండి, రెండు తరాలలో అదృశ్యమవుతుంది. "మా తాతగారు మిలిటరీలో పనిచేశారు, ఓడ మునిగినా బ్రతికారు" అన్న ఒక్క వాక్యం మిగిలిన కుటుంబాలు మన దేశంలో ఉన్నాయి. ఆ వాక్యం వెనుక ఎంత చరిత్ర ఉండవచ్చునో గ్రహించడానికి 'బుయో మారు' ఉదంతం చక్కని ఉదాహరణ.

1943 జనవరి 26న న్యూగినీ దీవికి ఉత్తరాన ఉన్న సముద్రంలో 'బుయో మారు' అనే జపాను రవాణా నౌకను అమెరికా జలాంతర్గామి 'వాహూ' టార్పెడోతో ముంచివేసింది. అనంతరం జలాంతర్గామి నీటిపైకి వచ్చి, ప్రాణాలు దక్కించుకోవడానికి పడవలెక్కిన వారిపై కాల్పులు జరిపింది. వారందరూ శత్రుసైనికులేనని దాని కమాండర్ డడ్లీ మోర్టన్ భావించాడు. వాస్తవానికి నౌకలోని 1,126 మందిలో 491 మంది భారతీయ యుద్ధఖైదీలు. 16వ పంజాబు రెజిమెంటు రెండవ బెటాలియన్‌కు చెందినవారు. ఈ సంగతి పరిశోధకుల కృషి వల్ల చాలా సంవత్సరాల తరువాత గాని లోకానికి స్పష్టంగా తెలియలేదు.

1942 ఫిబ్రవరి 15న సింగపూరు పతనమైనప్పుడు వేలాది భారతీయ సైనికులు జపానుకు బందీలయ్యారు. కొందరు ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. చేరని వారిలో అనేకులను జపాను సైన్యం పసిఫిక్ దీవులకు కూలిపనికి తరలించింది. అట్టి రవాణా నౌకలలో చాలావాటి మీద ఖైదీలున్నట్లు సూచించే గుర్తులేవీ ఉండేవి కావు. అందుచేత శత్రువు చేత చిక్కినవారు మిత్రపక్షపు ఆయుధాలకే బలియైన విషాదాలు ఆ యుద్ధంలో పలుమార్లు సంభవించాయి. 'బుయో మారు' దుర్ఘటనలో 195 మంది భారతీయులు, 87 మంది జపనీయులు మరణించారు. అనగా 296 మంది భారతీయులు బ్రతికి బయటపడినట్లు లెక్క తేలుతున్నది.

ఆ 296 మంది ఎవరు? వారి మనుమలు తాతగారి ఆచూకీ తెలుసుకోవాలంటే ఎక్కడ ప్రారంభించాలి?

ఇంటి పెట్టెలోనే మొదలు

అన్వేషణ ఇంటి నుండే ఆరంభం కావాలి. పాత ట్రంకుపెట్టెలో పతకం ఉంటే దాని ముఖభాగం కంటె అంచును శ్రద్ధగా చూడాలి. రెండవ ప్రపంచయుద్ధానికి సంబంధించి బ్రిటిష్ సైనికులకు ఇచ్చిన పతకాలపై సాధారణంగా పేర్లు చెక్కలేదు. భారతీయ సైనికులకు ఇచ్చిన వాటిపై నెంబరు, హోదా, పేరు, దళం చెక్కడం పరిపాటి. ఈ నెంబరే మొత్తం అన్వేషణకు తాళంచెవి. ఒకే పేరు గల సింగులు, ఖానులు, రాములు ఒకే దళంలో పలువురుండవచ్చు. నెంబరు మాత్రం మనిషిని వేరుచేసి చూపుతుంది. డిశ్చార్జి పుస్తకం, పెన్షను కాగితాలు కూడా అంతే విలువైనవి.

రెండవ మెట్టు రెజిమెంటు రికార్డు కార్యాలయం. ఇక్కడ 1947 నాటి దేశవిభజన అడ్డు వస్తుంది. 16వ పంజాబు రెజిమెంటు పాకిస్తాను వంతుకు పోయింది. 1956లో మరికొన్ని రెజిమెంట్లతో కలిసి అక్కడి పంజాబు రెజిమెంటులో విలీనమైంది. సైన్యంలో కొనసాగిన సిక్కులు, డోగ్రాలు భారతదేశపు రెజిమెంట్లకు మారారు. కనుక తాతగారు ఏ దళంలో చేరారన్నదే కాక, ఏ దళం నుండి విరమించారన్నది కూడా విచారించాలి. పెన్షను కాగితాలు ఈ రెండవ ప్రశ్నకు సమాధానం చెబుతాయి. తెలుగు కుటుంబాల విషయంలో మార్గం కొంత సులభం: పూర్వీకుడు మద్రాసు శాపర్లలో పనిచేసి ఉంటే బెంగుళూరులోను, మద్రాసు రెజిమెంటులో పనిచేసి ఉంటే నీలగిరులలోని వెల్లింగ్టన్‌లోను విచారించాలి. మార్గదర్శనానికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని సంప్రదించవచ్చు.

మృతుల జాబితాలో సజీవుని జాడ

బ్రతికినవాని కోసం వెదికేవారు మృతుల జాబితాను కూడా చూడాలి. సింగపూరులోని క్రాంజీ యుద్ధస్మారకంపై, సమాధి తెలియని 24,000 మందికి పైగా సైనికుల పేర్లు ఉన్నాయి. ఇట్టి స్మారకాలను నిర్వహించే కామన్వెల్త్ యుద్ధసమాధుల కమిషన్ దస్త్రాలలో భారతీయ సైనికుని పేరు పక్కన తండ్రిపేరు, గ్రామం, తాలూకా, జిల్లా చాలా చోట్ల కనిపిస్తాయి. తాతగారి గ్రామం నుండి, ఆయన దళంలోనే పనిచేసి మరణించినవారు కనిపిస్తే, ఆ కుటుంబాల వద్ద ఉత్తరమో ఛాయాచిత్రమో ఉండవచ్చు. 1945లో పసిఫిక్ దీవులలో భారతీయ ఖైదీలను విడిపించినది ఆస్ట్రేలియా సేనలు. అప్పుడు తీసిన ఛాయాచిత్రాలు కాన్బెరాలోని ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్‌లో భద్రంగా ఉన్నాయి. కొన్నింటి క్రింద సైనికుల పేర్లు కూడా ఉన్నాయి.

ఒక జాగ్రత్త అవసరం. పేరు కలిసినంత మాత్రాన అతడే మన తాత అని నిర్ణయించరాదు. నెంబరు, తండ్రిపేరు, గ్రామం: ఈ మూడింటిలో కనీసం రెండు సరిపోవాలి. లేనిచో మరొకరి సాహసాన్ని మన వంశవృక్షానికి తగిలించినవారమవుతాము. అసలైన వారసులకు అన్యాయం చేసినవారమవుతాము.

ఇది వంశప్రతిష్ఠకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. ఓడ మునిగిన తరువాత కూడా ఆ సైనికులకు చెర తప్పలేదు. యుద్ధానంతరం తిరిగి వచ్చిన ఖైదీలలో పలువురు, శత్రుపక్షంలో చేరారా లేదా అన్న విచారణను కూడా ఎదుర్కొనవలసి వచ్చింది. ఇన్ని అనుభవించినవారు ఇంట్లో పెదవి విప్పకపోవడంలో ఆశ్చర్యం లేదు. 296 అన్నది తీసివేత వల్ల వచ్చిన అంకె. పేర్లు మాత్రం ఒక్కొక్క కుటుంబం వెదికి కూర్చితేనే వస్తాయి. పెద్దలు జీవించి ఉండగానే వారు చెప్పినది వ్రాసుకొని, పెట్టెలోని కాగితాలకు నకళ్ళు తీసి ఉంచడం మనలో ప్రతి ఒక్కరూ చేయగలిగిన పని.