కడుపు 'చాలు' అని ఎలా చెబుతుంది?

రాత్రి ఏడింటికి హాస్టల్లో తిని, తొమ్మిదిన్నరకు స్టడీ అవర్లో మళ్ళీ ఆకలంటే మమ్మల్ని 'తిండిపోతులు' అనేవారు. మేమూ సిగ్గుపడేవాళ్ళం. పీజీలో చేరాకే అసలు సంగతి తెలిసింది.

తిన్న అన్నం చిన్నపేగు మొదటి భాగానికి చేరగానే అక్కడి కణాలు కోలిసిస్టోకైనిన్, క్లుప్తంగా సి.సి.కె. అనే హార్మోన్‌ను వదులుతాయి. దాన్ని ఎక్కువగా రప్పించేవి కొవ్వు, మాంసకృత్తులు. ఇది పిత్తాశయాన్ని ముడుచుకునేలా చేస్తుందని గుర్తించి 1928లో ఐవీ, ఓల్డ్‌బర్గ్ దీనికి ఆ పేరు పెట్టారు.

ఈ హార్మోన్ పనిచేయడానికి దాని చివరి 8 అమైనో ఆమ్లాల ముక్క చాలు. ఆ ముక్కను ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేస్తారు. అదే సి.సి.కె.-8. సింకలైడ్ అనే పేరుతో పిత్తాశయ పరీక్షల్లో వాడతారు. 1973లో అమెరికాలో గిబ్స్, యంగ్, స్మిత్ దీన్ని ఎలుకలకు ఇస్తే అవి తక్కువ తిన్నాయి. 'చాలు' అనే కబురును వేగస్ నాడి మెదడుకు చేరవేస్తుంది.

మరి బరువు తగ్గడానికి ఇదే మందు కాలేదెందుకు? ప్రతి పూటా ఇచ్చి చూస్తే ఎలుకలు పూటకు కొంచెమే తిన్నా, ఎక్కువ సార్లు తిన్నాయి. శరీరం తన లెక్క తాను సరిచేసుకుంటుంది.

తమ్ముళ్ళారా! నీళ్ళచారుతో తిన్న పూట త్వరగా ఆకలేయడానికి ఇదీ ఒక కారణం. అది మీ తప్పు కాదు. మెనూలో రాసిన పప్పు, గుడ్డు పళ్ళెంలోకి రావాలని అడగడం తిండియావ కాదు. సిగ్గుపడకుండా అడగండి.