పట్టు పోగుకు కొత్త దారి
చీరలకే పరిమితమైన పట్టు ఇప్పుడు గాయాలకు కట్టుగా, కణాలకు ఆసరాగా మారుతోంది. ఆ మార్పులో తెలుగు రైతుకు వాటా దక్కాలంటే ముందు పురుగు బతకాలి

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌లో ధరను తేల్చేది దారమే. గూడు ఎంత గట్టిగా ఉంది, పోగు తెగకుండా ఎంత పొడవు వస్తుంది అన్నదే లెక్క. మేలైన గూడు ఒక్కోసారి కిలోమీటరుకు మించి ఒకే పోగునిస్తుంది. చిమ్మట పొడుచుకుని బయటికొచ్చినవి, మరక పడ్డవి, రెండు పురుగులు కలిసి అల్లినవి చవకబేరమే. ప్రయోగశాలల్లో మాత్రం ఈ లెక్క తారుమారవుతోంది. అక్కడ కావలసింది దారం కాదు, అందులోని ప్రోటీన్.

పట్టు పోగులో ప్రధానంగా రెండు ప్రోటీన్లుంటాయి. బలాన్నిచ్చేది ఫైబ్రాయిన్. దాని చుట్టూ బంకలా అంటుకుని ఉండేది సెరిసిన్. బరువులో పావు వంతు నుంచి 30 శాతం దాకా ఉండే ఈ బంకను సబ్బు, సోడా నీళ్లలో ఉడికించి వదిలిస్తారు. చాలాచోట్ల అది మురుగులో కలిసిపోతుంది. మిగిలిన ఫైబ్రాయిన్‌ను లిథియం బ్రోమైడ్ ద్రావణంలో కరిగించి, తర్వాత ఆ లవణాన్ని తొలగిస్తే ద్రవరూపంలో పట్టు చేతికొస్తుంది. దాన్ని పల్చటి పొరగా ఆరబెట్టవచ్చు, స్పాంజిగానో జెల్‌గానో మార్చవచ్చు. శరీరం దాన్ని పెద్దగా తిరస్కరించదు, నెమ్మదిగా కరిగించుకుంటుంది. ఈ పనికి పొడిచిన గూడైనా ఫర్వాలేదు.

ఉపయోగాలకు కొదవ లేదు. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు పట్టు ద్రావణం పూసిన స్ట్రాబెర్రీలు వారం దాకా తాజాగా ఉంటాయని 2016లో చూపించారు. బెంగళూరుకు చెందిన ఫైబ్రోహీల్ సంస్థ పట్టు ప్రోటీన్‌తో గాయాల కట్లు తయారు చేస్తోంది. ఢిల్లీ ఐఐటీలో సౌరభ్ ఘోష్ బృందం పట్టు ప్రోటీన్‌నే సిరాగా వాడి మృదులాస్థి కణజాలాన్ని త్రీడీ ప్రింటింగ్‌లో రూపొందించింది. దసలి పట్టుకు మరో ప్రత్యేకత ఉంది. కణాలు పట్టుకుని నిలబడేందుకు వీలైన మూడు అమైనో ఆమ్లాల వరుస దాని ఫైబ్రాయిన్‌లో సహజంగానే ఉంటుంది. మల్బరీ పట్టులో అది లేదు. తెలంగాణలో మహదేవపూర్, చెన్నూరు ప్రాంతాల్లో మద్ది చెట్లపై పెరిగేది ఈ దసలి పురుగే.

అయితే గూడు కట్టేదాకా పురుగు బతకడమే రైతుకు పెద్ద పరీక్ష. గ్రాసరీ అనే వైరస్ రోగం సోకితే పురుగు ఉబ్బి, చర్మం చిట్లి, పాలలాంటి ద్రవం కారి చచ్చిపోతుంది. మల్బరీ ఆకుకు, కూలీలకు పెట్టిన ఖర్చంతా అయిపోయాక, చంద్రికలకు ఎక్కించే వేళ పంట పోతే రైతు కోలుకోలేడు. దీనికి మందు లేదు, శుభ్రతే శరణ్యం.

ఈ సమస్యపై హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీలో జె.నాగరాజు బృందం జన్యుపరంగా పోరాడింది. వైరస్ జన్యువుల నోరు నొక్కే ఆర్‌ఎన్‌ఏను పురుగే తయారు చేసుకునేలా మార్చింది. తొలి ఫలితం 2007లో వెలువడింది. తర్వాత హిందూపురం సమీపంలోని కిరికెరలో ఉన్న రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థతో కలిసి, ఒకేసారి పలు వైరస్ జన్యువులపై గురిపెట్టింది. వైరస్ సోకినా ఈ పురుగులు మామూలువాటికన్నా చాలా ఎక్కువగా బతికాయి. 2012 చివరి రోజున నాగరాజు కన్నుమూశారు. ఆ ఫలితాలు జెనెటిక్స్ పత్రిక 2013 సంపుటంలో వచ్చాయి.

ప్రయోగశాల నుంచి రైతు షెడ్డుకు దూరం ఎక్కువే. జన్యుమార్పిడి జీవి ఏదైనా కేంద్ర పర్యావరణ శాఖ పరిధిలోని కమిటీ అనుమతి పొందాలి. పురుగును మొదటిసారి జన్యుపరంగా స్థిరంగా మార్చినట్లు జపాన్ శాస్త్రవేత్తలు ప్రకటించింది 2000లో. అక్కడి గున్మా ప్రాంత రైతులు మెరిసే ఆకుపచ్చ పట్టునిచ్చే పురుగులను పెంచడం మొదలుపెట్టింది 2017లో. అంటే 17 ఏళ్లు.

మల్బరీ పట్టులో కర్ణాటక తర్వాతి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే. అయినా ప్రోటీన్ తీసే పరిశ్రమ పక్కనే లేకపోతే, వైద్యానికి పనికొచ్చే నాణ్యతకు వేరే ధర లేకపోతే, రైతు మళ్లీ దారం పొడవుకే అమ్ముకోవాలి. పొడిచిన గూటికీ, పారబోసే సెరిసిన్‌కూ కొనేవాడు దొరికిన రోజే ఈ సైన్సు రాయలసీమ రైతు లెక్కల పుస్తకంలోకి ఎక్కుతుంది.