గబ్బిలాన్ని చంపకుండా సాగనంపండి!

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఎక్కడినుంచో ఒక గబ్బిలం హాల్లోకి దూసుకొస్తుంది. పిల్లలు కెవ్వుమంటారు. ఒకరు చీపురు అందుకుంటారు. ఇంకొకరు ‘అరిష్టం, శాంతి చేయించాలి’ అంటారు. మీరు మాత్రం కంగారు పడకండి. అది శకునం చెప్పడానికి రాలేదు. లైటుకి మూగిన పురుగుల వెంటపడి దారి తప్పి వచ్చింది, అంతే!

గబ్బిలం పక్షి కాదు. పిల్లల్ని కని, పాలిచ్చి పెంచే జంతువు. ఇళ్ళల్లో దూరే చిన్న రకం బరువు కొద్ది గ్రాములే. రాత్రిపూట దోమల్నీ, పురుగుల్నీ తిని మనకు మేలే చేస్తుంది. అలాగని ఇంట్లో వుంచుకోమని కాదు. పంపించే పద్ధతి తెలిస్తే దానికీ, మనకీ క్షేమం.

గదిలోకి వస్తే...

ముందుగా ఫ్యాన్ ఆపండి. రెక్క తగిలిందంటే దాని ప్రాణం పోయినట్టే. పిల్లల్ని అవతలికి పంపి, లోపలి గదుల తలుపులు మూసి, బయటి కిటికీలు, తలుపులు బార్లా తెరవండి. లైట్లు ఆర్పి కాసేపు ఆగితే చాలాసార్లు అదే వెళ్ళిపోతుంది.

కర్టెన్ని పట్టుకుని వుండిపోతే, మందపాటి గ్లవ్స్ వేసుకుని, వెడల్పాటి డబ్బా దానిమీద బోర్లించి, అట్టముక్క మెల్లగా లోపలికి తొయ్యండి. చీకటి పడ్డాక చెట్టు మానుకో, పిట్టగోడకో ఆనించి వదలండి. నేలమీద పెడితే చాలా రకాలు పైకి లేవలేవు.

వట్టి చేతుల్తో మాత్రం ముట్టుకోవద్దు. కొరికినా, గీరినా, గాటు ఎంత చిన్నదైనా సబ్బుతో 15 నిమిషాలు ధారగా పడే నీళ్ళకింద కడిగి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. రేబిస్ విషయంలో ‘చూద్దాంలే’ అనడం పనికిరాదు. పసిపిల్లలు నిద్రపోతున్న గదిలో గబ్బిలం కనిపించినా డాక్టర్ని అడగడం మంచిది.

కాపురమే పెడితే...

అటక మీదో, వెంటిలేటర్ కిందో నల్లటి రెట్ట గింజలు కనిపిస్తే పుల్లతో నొక్కి చూడండి. ఎలక పెంటికలు గట్టిగా వుంటాయి. గబ్బిలం రెట్ట పొడిపొడిగా రాలి, పురుగుల రెక్కల ముక్కలు మెరుస్తాయి.

పొగ పెట్టడం, కలరా ఉండలు చల్లడం వద్దు. పొగకి పిల్లలు లోపలే చచ్చిపోతాయి, ఆ కంపు మనమే భరించాలి. కలరా ఉండల ఘాటు పసివాళ్ళకి హాని.

సాయంత్రం బయట నిలబడి ఏ సందులోంచి వస్తున్నాయో గమనించండి. బొటనవేలు దూరేంత సందైనా వాటికి చాలు. పెద్దవి వెళ్ళిపోయాక కూడా లోపలినుంచి కిచకిచలు వినిపిస్తే ఎగరలేని పిల్లలున్నాయన్నమాట. ఆ చప్పుళ్ళు ఆగేవరకు, అంటే నెలా నెలన్నర ఓపిక పట్టండి.

ఆ తరవాత కిటికీలకి వేసే దోమల జాలీని ఆ సందుమీద పైనా, పక్కలా బిగించి, కింద రెండడుగులు వదులుగా వేలాడనివ్వండి. లోపలివి కిందినుంచి జారి బయటపడతాయి గాని తిరిగి దూరలేవు. వారం రోజులు గమనించి, ఏదీ రావడం లేదని రూఢి అయ్యాక సిమెంటుతో మూసేయండి.

రెట్టని పొడిగా వూడవకండి. ఆ దుమ్ము వూపిరితిత్తులకి మంచిది కాదు. ముక్కుకి మాస్కు కట్టుకుని, బ్లీచింగ్ నీళ్ళు చల్లి, నానాక తీసేయండి.

జామచెట్టు వుందా?

పళ్ళు తినే గబ్బిలాలు వేరే రకం. ‘చిలక కొట్టిన పండు తియ్యన’ అంటూ కొరికిన పళ్ళు పిల్లలకి పెట్టకండి. 2018లో కేరళలో నిపా జ్వరం వచ్చాక ఈ జాగ్రత్త మరీ అవసరమైంది.

పెంకుల కింద ఉడుత గూడు పెట్టినా ఇదే వరస. పిల్లలు గూడు వదిలాకే సందు మూయండి.