తవుడు తినే పురుగు, పురుగును తినే కోడిపిల్ల

పెరట్లో పిల్లలకోడి తిరుగుతూంటే ఒక పది నిమిషాలు దాన్నే గమనించండి. కాళ్ళతో చెత్తను గీరుతుంది. ఒక అడుగు వెనక్కి వేసి, వంగి చూస్తుంది. పురుగు కనిపిస్తే తాను మింగదు. ‘కొక్ కొక్’మని పిల్లల్ని పిలిచి వాటి ముందు పడేస్తుంది. పక్కనే చల్లిన నూకలున్నా, ఆ ఒక్క పురుగు కోసం పిల్లలన్నీ పోట్లాడుకుంటాయి. తొలకరి వాన పడ్డ సాయంత్రం ఉసిళ్ళు లేచాయంటే ఇక కోళ్ళకు పండగే. ఎందుకీ ఆరాటం?

నూకల్లో ఎక్కువగా ఉండేది పిండిపదార్థం. అది శక్తినిస్తుంది. కాని కండ పెరగాలన్నా, ఈకలు రావాలన్నా మాంసకృత్తులు కావాలి. ఈక దాదాపు అంతా మాంసకృత్తే. ఎదిగే కోడిపిల్ల తినే మేతలో నూటికి సుమారు 20 వంతులు మాంసకృత్తులుండాలి. నూకల్లో ఉండేవి 7, 8 వంతులే. అనపర్తి, తణుకు ప్రాంతాల్లోని పెద్ద కోళ్ళఫారాల్లో మొక్కజొన్నకు సోయా చెక్క కలిపి ఈ లోటు పూడుస్తారు. పెరటి కోడికి ఆ భాగ్యం లేదు. అది గీరి వెతుక్కోవలసిందే. దొడ్లు తగ్గి, వాకిళ్ళకు సిమెంటు గచ్చు వచ్చాక గీరడానికి మన్నయినా మిగలడం లేదు.

పల్లెల్లో ఇందుకు ఒక పాత ఉపాయం ఉంది. ఒక కుండలో తడిపిన గడ్డి, ఎండు పేడ కూరి, చెదలున్న చోట సాయంత్రం బోర్లిస్తారు. తెల్లారేసరికి కుండలోకి చెదలు చేరతాయి. వాటిని కోడిపిల్లల ముందు దులుపుతారు. అయితే చెదలు అన్ని చోట్లా, అన్ని కాలాల్లో దొరకవు. మరి పురుగును మనమే పెంచితే?

అలా పెంచడానికి అనువైన పురుగు మీల్‌వర్మ్. పేరులో ‘వర్మ్’ అని ఉన్నా ఇది వానపాము జాతి కాదు, ఒక నల్లని పెంకుపురుగు పిల్ల. దీని శాస్త్రీయ నామం టెనెబ్రియో మోలిటర్. లాటిన్‌లో మోలిటర్ అంటే పిండిమర నడిపేవాడు అని అర్థం. సీతాకోకచిలుక లాగే దీని జీవితంలోనూ నాలుగు దశలున్నాయి. గుడ్డు ఒకటి రెండు వారాల్లో పొదుగుతుంది. డింభకం రెండు మూడు నెలలపాటు తింటూ, చాలాసార్లు కుబుసం విడుస్తూ, అంగుళం పొడవు పెరుగుతుంది. తరవాత మేత మాని తెల్లని ప్యూపాగా మారుతుంది. ఒకటి రెండు వారాలకు అందులోంచి పెంకుపురుగు బయటికి వస్తుంది. ఆడపురుగు తన జీవితకాలంలో కొన్ని వందల గుడ్లు పెడుతుంది.

ఈ పురుగు ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికి మేత ఖర్చు చేయదు. అందుచేత ఆ మేరకు తిన్నది ఒంటికి పడుతుంది. అంతేకాదు, పొడి తవుడు మాత్రమే తిని కూడా బతకగలదు. మేతలోని పిండిపదార్థం, కొవ్వు ఒంట్లో ఆక్సీకరణం చెందినప్పుడు కొంత నీరు పుడుతుంది. ఆ నీటితోనే సర్దుకుంటుంది. కాస్త తడి దొరికితే మాత్రం త్వరగా పెరుగుతుంది.

పెంపకానికి జానెడు ఎత్తున్న నున్నని ప్లాస్టిక్ బేసిన్ చాలు. నున్నని గోడను పురుగు ఎక్కలేదు. అందులో రెండంగుళాల మందాన గోధుమ పొట్టు పోయండి. మన మిల్లుల్లో దొరికే వరితవుడూ పనికివస్తుంది గాని ఒక చిక్కుంది. బియ్యం పాలిష్ పట్టగానే తవుడులోని లైపేజ్ అనే ఎంజైము నూనెను విడగొట్టడం మొదలుపెడుతుంది. కొద్ది రోజుల్లోనే తవుడు ముక్కవాసన కొడుతుంది. కాబట్టి తాజా తవుడు తెచ్చి, మూకుట్లో సన్నని సెగ మీద దోరగా వేయించి, చల్లార్చి వాడండి. వేడికి ఎంజైము చెడుతుంది. తవుడులో ఉన్న ఇతర పురుగుల గుడ్లూ చస్తాయి.

పెంపుడు పక్షులకు, అలంకార చేపలకు మేత అమ్మే దుకాణాల్లో విత్తనం పురుగులు దొరుకుతాయి. తడి కోసం కారెట్ ముక్కో, బంగాళాదుంప ముక్కో పెట్టి, బూజు పట్టకముందే తీసేయండి. పైన పల్చని గుడ్డ కట్టండి. బేసిన్‌ను పీట మీద పెట్టి, పీట కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలుంచితే చీమలు రావు. 25 నుంచి 30 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి వీటికి హాయి. మన మే నెల ఎండలకు తట్టుకోలేవు కాబట్టి ఇంట్లో అన్నిటికన్నా చల్లని చోటు చూడండి. ప్యూపాలను ఏరి వేరే డబ్బాలో వేయండి. లేకపోతే తోటి పురుగులే తినేస్తాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ పురుగులతో కోడిపిల్లల కొరత తీరుతుందా? లెక్క కడదాం. ఒక పిల్ల రోజుకు 20 గ్రాముల మేత తింటుందనుకోండి. అందులో 4 గ్రాములు మాంసకృత్తులుండాలి. 20 గ్రాముల నూకలిస్తే ఒకటిన్నర గ్రామే అందుతుంది. లోటు రెండున్నర గ్రాములు. ఎదిగిన పురుగు బరువు సుమారు 0.1 గ్రాము. అందులో అయిదో వంతు, అంటే 0.02 గ్రాము, మాంసకృత్తు. లోటంతా పురుగులతోనే పూడ్చాలంటే పిల్లకు రోజుకు 125 పురుగులు, పది పిల్లలకు 1,250 కావాలి! ఒక బేసిన్‌తో అయ్యే పని కాదు.

అలాగని శ్రమ వృథా అనుకోకండి. లోటులో పెద్ద భాగం బూజు పట్టని వేరుశనగ చెక్కతో తీర్చవచ్చు. కాని ఆ చెక్కలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. పురుగుల్లో అది బాగా ఉంటుంది. కనుక చెక్కతో పాటు రోజూ నాలుగైదు పురుగులు వేసినా ఆ మేరకు మేలే. పురుగుల్లో కాల్షియం తక్కువ కాబట్టి గుడ్లు పెట్టే పెట్టకు నత్తగుల్లల పొడి వేరుగా పెట్టండి.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. ఈ పురుగు నిలవ ధాన్యానికి శత్రువు. బేసిన్‌ను బియ్యం బస్తాల దగ్గర ఉంచకండి. మిగిలిన పురుగుల్ని బతికుండగా బయట పారేయకండి. వీటి పొడి కొందరికి పడదు. రొయ్యలు తింటే దద్దుర్లు వచ్చేవారు మరీ దూరంగా ఉండాలి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి. కోళ్ళఫారం చెత్తలో ఇలాంటివే చిన్న పురుగులు కనిపిస్తాయి. వాటిని మాత్రం తేవద్దు. అవి సాల్మొనెల్లా వంటి రోగక్రిములను మోస్తాయి. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గరి వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో కోళ్ళకు బర్డ్ ఫ్లూ సోకింది. ఫారం నుంచి పెరట్లోకి ఏదీ తేకూడదనడానికి అంతకన్నా హెచ్చరిక ఏం కావాలి?

చివరగా మీకొక ప్రయోగం. ఒకే రోజున ప్యూపాలైన ఇరవై పురుగుల్ని ఏరండి. పదింటిని ఇంట్లో చల్లని మూల, పదింటిని కాస్త వెచ్చని చోట ఉంచండి. రెండు చోట్లా ఉదయం, మధ్యాహ్నం ఉష్ణమాపకం చూసి రాసుకోండి. ఏ డబ్బాలో పెంకుపురుగులు ముందు వచ్చాయి? ఎన్ని రోజుల తేడా? పట్టిక వేసి, కారణం ఏమై ఉంటుందో మీ సైన్సు మాస్టారితో చర్చించండి.