ఇయాదత్: దీర్ఘవ్యాధి గల పిల్లలు, మన బాధ్యత

రోగిని చూడబోవడాన్ని అరబీలో ‘ఇయాదత్’ అంటారు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో కూడా ఈ మాట వాడుకలో ఉన్నది. తెలుగులో దీనిని ‘పరామర్శ’ అని అనువదిస్తాము. అనువాదంలో అర్థం చెడలేదు గాని, ఒక ముఖ్యమైన ఛాయ జారిపోయింది. ఈ పదానికి మూలమైన ధాతువుకు ‘తిరిగి రావడం’ అని అర్థం. ఏటేటా తిరిగి వచ్చే ‘ఈద్’, మాటిమాటికీ చేయగా ఏర్పడే ‘ఆదత్’ కూడా ఆ ధాతువుకు చెందిన మాటలే. అంటే మళ్ళీ మళ్ళీ వెళ్ళడం అనే భావం ఇయాదత్ అనే మాటలోనే ఇమిడి ఉన్నది. జ్వరం వచ్చినవాని ఇంటికి ఒకసారి పండ్లు పట్టుకొని వెళ్ళివస్తే సరిపోవచ్చు. పసితనంలో మొదలై జీవితాంతం వెంట ఉండే వ్యాధి ఒక పిల్లవానికి వచ్చినప్పుడు ఆ ఒక్క పరామర్శ ఏ మూలకు? అటువంటి వ్యాధులలో ఒకటైన తలసీమియాను ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని పరిశీలిద్దాము.

1925లో థామస్ కూలీ అనే అమెరికా వైద్యుడు ఈ వ్యాధిని గుర్తించి వర్ణించాడు. మొదట మధ్యధరా ప్రాంతపు కుటుంబాల పిల్లలలో కనిపించినందువలన, గ్రీకు భాషలోని ‘సముద్రం’, ‘రక్తం’ అనే రెండు మాటలను కలిపి దీనికి పేరు పెట్టారు. నిజానికి ఇది మధ్యధరా తీరం నుండి పశ్చిమాసియా, మన దేశం మీదుగా ఆగ్నేయాసియా వరకు అన్ని మతాలవారిలోను ఉన్నది. రక్తంలోని హిమోగ్లోబిన్ సరిగా తయారు కాకపోవడమే ఈ వ్యాధి. తీవ్రరూపంలో ఉంటే, పుట్టిన ఆరు నెలల నుండి రెండేళ్ళ లోపల బిడ్డ పాలిపోతాడు, ఎదగడు, ప్లీహం పెరిగి కడుపు ఉబ్బుతుంది. అప్పటినుండి రెండు మొదలు ఐదు వారాలకొకసారి రక్తం ఎక్కించవలసిందే. ఎక్కించిన ప్రతి సీసాతో సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము శరీరంలో చేరుతుంది. దానిని బయటికి పంపే మార్గం శరీరానికి లేదు. అది గుండెలోను, కాలేయంలోను, గ్రంథులలోను పేరుకుంటుంది. దానిని తీసివేయడానికి ఒకప్పుడు వారంలో ఐదారు రాత్రులు, రాత్రికి ఎనిమిది నుండి పన్నెండు గంటలు, చర్మం క్రింద సూది ఉంచి చిన్న పంపు ద్వారా మందు ఎక్కించేవారు. ఇప్పుడు నోటితో తీసుకునే మందులు వచ్చాయి. తోబుట్టువుల మూలుగ సరిపోతే దానిని మార్పిడి చేసి వ్యాధిని పూర్తిగా నయం చేసే అవకాశమూ ఉన్నది. అయితే అందరికీ అది సరిపోదు, అందరికీ ఆ ఖర్చు అందదు.

వైద్యుడు చూసుకోగలిగింది ఇంతవరకే. ఇక మిగిలినది ఇంటివారు, బంధువులు, ఉపాధ్యాయులు చూసుకోవలసిన భాగం.

గ్రంథులలో ఇనుము చేరినందువలన ఈ పిల్లలలో చాలామందికి ఎదుగుదల ఆలస్యమవుతుంది. పదిహేనేళ్ళ కుర్రవాడు పదేళ్ళవానిలా కనిపిస్తాడు. పెళ్ళి విందులో ఎవరో ఒకరు “ఏ క్లాసు బాబూ, నాలుగా?” అని అడుగుతారు. అడిగినవారికి దురుద్దేశం ఉండదు. కాని అతడు మరుసటి విందుకు రానంటాడు. తల్లిదండ్రులు కూడా వదిలివేస్తారు. ఈ విధంగా పిల్లవాని లోకం ఇల్లు, ఆసుపత్రి అనే రెండు గదులకు కుదించుకుపోతుంది. కొందరు ఇరుగుపొరుగువారు తమ పిల్లలను అతనితో కలిసి తిననివ్వరు. ఇది అంటువ్యాధి కాదని స్పష్టంగా చెప్పాలి. కలిసి తినడం, ఆడుకోవడం వలన ఎవరికీ రాదు. రోగులు ఇతరులతో కలిసి భోజనం చేయడంలో తప్పు లేదని దివ్య ఖుర్ఆన్ నూర్ సూరా ప్రత్యేకించి పేర్కొన్న విషయం మనకు తెలిసినదే.

అంతకన్నా లోతైన గాయం ఇంకొకటి ఉన్నది. చిన్నపిల్లలు తాము చేసిన ఏదో తప్పుకు శిక్షగానే జబ్బు వచ్చిందని తరచుగా నమ్ముతారు. ఆ వయసు ఆలోచన తీరే అటువంటిది. పెద్దవారు దీనికి ఆజ్యం పోస్తారు. “ఏ పాపమో!” అని ఒక ముసలమ్మ నిట్టూర్చితే, మంచం మీది బిడ్డ దానిని తన పాపమనే అర్థం చేసుకుంటాడు. మన ధర్మశాస్త్రం ప్రకారం యుక్తవయసు రాని పిల్లల కర్మలను వ్రాసే కలం ఎత్తివేయబడి ఉన్నది. లేని నేరానికి శిక్ష ఎక్కడిది? ఈ సంగతిని బిడ్డకు సూటిగా, అతనికి అర్థమయ్యే మాటలలో, ఒకటికి నాలుగుసార్లు చెప్పాలి. అతడు అడగలేదు కదా అని ఊరకుండరాదు. అడగని పిల్లలే లోలోపల ఎక్కువ బాధపడుతూ ఉండవచ్చు.

నింద తల్లి మీద కూడా పడుతుంది. “మా వంశంలో లేదు, కోడలితో వచ్చింది” అనే మాట అత్తవారింట వినపడుతూనే ఉంటుంది. ఇది శాస్త్రరీత్యా అబద్ధం. తీవ్రమైన వ్యాధి రావాలంటే తండ్రి నుండి ఒక లోపం, తల్లి నుండి ఒక లోపం, రెండూ బిడ్డకు చేరాలి. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోను నూటికి 25 పాళ్ళు ఈ ప్రమాదం ఉన్నది. అమ్మను నిందించడం బిడ్డ వింటే, అమ్మ కన్నీళ్ళకు తానే కారణమని అనుకుంటాడు.

ఇక ‘సబ్ర్’ సంగతి. ఓర్పు, సహనం అని మేము అనువాదకులం సులభంగా వ్రాసివేస్తాము. ఆ తరువాత ఆ మాట “ఏడవకు” అనే ఆజ్ఞగా మారిపోయింది. సూదికి ఏడ్చే ఏడేళ్ళ పిల్లవానికి హజ్రత్ అయ్యూబ్ (అలైహిస్సలాం) గాథ చెప్పి నోరు మూయించేవారు ఉన్నారు. కాని అయ్యూబ్ ప్రవక్త తన బాధను అల్లాహ్‌కు చెప్పుకున్నారు. హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) కుమారుని కోసం కనులు తెల్లబడేంతగా దుఃఖించారు. అయినా ఆయనది ‘సబ్రన్ జమీల్’, అందమైన సహనమే. దైవప్రవక్త (స) తమ పసికందు ఇబ్రాహీం మరణించినప్పుడు కన్నీరు కార్చారు. కాబట్టి ఏడ్చే బిడ్డను ఏడ్వనివ్వడం సబ్ర్‌కు విరుద్ధం కాదు.

పిల్లల దుఃఖాన్ని ఎట్లా పట్టించుకోవాలో హదీసులలో ఒక చిన్న ఉదంతం ఉన్నది. హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ ఒక చిన్న పిట్టను పెంచుకునేవాడు. అది చనిపోయింది. దైవప్రవక్త (స) ఆ ఇంటికి వచ్చినప్పుడు బాలుని ముఖం వాడి ఉండడం గమనించి, కారణం కనుక్కొని, పెద్దవారిని పిలిచినట్లు ఆ గౌరవనామంతోనే పిలిచి, పిట్టను గురించి అతనినే అడిగారు. “పిట్టేగదా, ఇంకొకటి కొనిపెడతాం” అనలేదు. ఆయన సేవ చేసే యూద బాలుడు ఒకడు జబ్బుపడినప్పుడు స్వయంగా వెళ్ళి తల దగ్గర కూర్చున్నారని బుఖారీలో ఉన్నది. ఈ రెండు ఉదంతాలలోను పరామర్శ పిల్లవానికే జరిగింది. మనం చేసే పరామర్శ సాధారణంగా తల్లిదండ్రులకు. మంచం చుట్టూ చేరి, బిడ్డ అక్కడ లేనట్లే అతని గురించి మాట్లాడుకుంటాము.

చేయవలసిన పనులలో కొన్ని చాలా చిన్నవి. “సూది వేయరు” అని అబద్ధమాడి ఆసుపత్రికి తీసుకుపోరాదు. ఆ ఒక్క అబద్ధంతో తరువాత చెప్పే నిజాలు కూడా చెడతాయి. “గుచ్చినప్పుడు నొప్పి పుడుతుంది, కాసేపటికి తగ్గుతుంది, నేను చేయి పట్టుకుంటాను” అంటే చాలు. ఏ చేతికి వేయాలో బిడ్డనే ఎంచుకోనివ్వవచ్చు. రక్తం ఎక్కడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. అది ముందే తెలిసిన రోజు. నెలలో ఆ రోజును బాబాయి ఒకసారి, మేనమామ ఒకసారి పంచుకొని వెళ్ళి కూర్చుంటే తండ్రి కూలి పోదు, బిడ్డకు ఎదురుచూసే మనిషి ఉంటాడు. బడికి ఆ రోజు ఎందుకు రాలేదో ఉపాధ్యాయునికి చెప్పి ఉంచాలి. తలసీమియాను 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో చేర్చారన్న సంగతి తెలియని తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు. హైదరాబాదులో ఈ పిల్లల కోసం 1998 నుండి ఒక ప్రత్యేక సంఘం పనిచేస్తున్నది. అటువంటి చోట తనవంటి పిల్లలను చూడడమే బిడ్డకు పెద్ద ఊరట. ఆరోగ్యంగా ఉన్న అన్నదమ్ములను, అక్కచెల్లెళ్ళను మరువరాదు. జబ్బు వస్తే గాని అమ్మ దగ్గరకు తీయదని వారికి అనిపించే ఇళ్ళు ఉన్నాయి.

రమజాన్‌లో రక్తదాతలు తగ్గుతారు. హనఫీ పండితుల అభిప్రాయంలో రక్తం ఇచ్చినంతమాత్రాన ఉపవాసం భంగం కాదు గాని, నీరసపడేంతగా ఇవ్వడం మక్రూహ్. ఇఫ్తార్ తరువాత ఇస్తే ఆ చిక్కూ లేదు. మస్జిదు కమిటీలు తరావీహ్ తరువాతి సమయంలో దాతలను పంపే ఏర్పాటు చేయవచ్చు.

చివరగా వివాహాల విషయం. దగ్గరి బంధువుల మధ్య పెళ్ళిళ్ళలో ఇద్దరూ వాహకులయ్యే అవకాశం ఎక్కువ. షరీఅత్ పినతండ్రి, మేనమామ బిడ్డలను చేసుకోవడానికి అనుమతించింది గాని ఆదేశించలేదు. ఇరాన్ 1997లోను, సౌదీ అరేబియా 2004లోను పెళ్ళికి ముందు రక్తపరీక్షను తప్పనిసరి చేశాయి. వాహకులు రోగులు కారు. వాహకుడు వాహకురాలు కాని స్త్రీని పెళ్ళాడితే బిడ్డలకు తీవ్రమైన తలసీమియా రాదు. అందుచేత ఇంట్లో ఒక బిడ్డకు ఉన్నదని దాచిపెట్టి అక్కల పెళ్ళిళ్ళు చేయడంకన్నా, వారికి, చూసిన సంబంధానికి పరీక్ష చేయించి చెప్పడం మేలు. అయితే ఈ చర్చను రక్తం ఎక్కుతున్న పిల్లవాని మంచం ప్రక్కన చేయరాదు. “ఇట్లాంటి పిల్లలు ఇక పుట్టకూడదు” అనే మాటను అతడు తన గురించే వింటాడు.